ఎంగ్లుండ్ గాంబిట్ చెస్ కోర్సు కొనేముందు ఆరో ఎత్తు గురించి అడగండి

"3 నిమిషాల గేముల్లో 8 ఎత్తులకే మేట్ (ఆట కట్టు)" అని ప్రకటన తిప్పుతున్న ఎంగ్లుండ్ గాంబిట్ (నల్ల పావులవాళ్లు మొదట్లోనే ఒక పాన్, అంటే బంటు, వదులుకుని ఆడే ఎత్తుగడ) వీడియో కోర్సు దయచేసి కొనకండి.

లైన్ (ఎత్తుల వరస) ఇదీ, అక్షరం పక్కన అంకె ఉంటే బోర్డు మీద గడి పేరు: 1. డీ4 ఈ5, తెల్ల ఆ పాన్ కొడుతుంది. 2...నైట్ సీ6 3. నైట్ ఎఫ్3 క్వీన్ ఈ7 4. బిషప్ ఎఫ్4 క్వీన్ బీ4 చెక్ 5. బిషప్ డీ2, క్వీన్ బీ2 పాన్‌ని కొడుతుంది. ఇక్కడ తెల్ల 6. బిషప్ సీ3 ఆడితేనే వల పనిచేస్తుంది. 6...బిషప్ బీ4 7. క్వీన్ డీ2, బిషప్ సీ3లో కొడుతుంది, 8. క్వీన్ తిరిగి కొట్టగానే క్వీన్ సీ1, మేట్. కోర్సులో చూపించిన గేములన్నీ ఇవే.

తెల్ల 6. నైట్ సీ3 ఆడితే? 6...బిషప్ బీ4 7. రూక్ బీ1 క్వీన్ ఏ3 8. రూక్ బీ3 క్వీన్ ఏ5. నల్ల ఆడిన ఎనిమిది ఎత్తుల్లో అయిదు క్వీన్‌వే! తెల్లకి రెండు నైట్లు, బిషప్, రూక్ బయటికొచ్చేశాయి. ఈ5లో కూర్చున్న తెల్ల పాన్ వల్ల నల్ల నైట్ ఎఫ్6కి రాలేదు. ఇచ్చిన పాన్ బీ2లో తిరిగొచ్చినా పొజిషన్ పోయినట్టే. పైగా తెల్లకి ఈ ఎత్తులు కంఠస్థం, గడియారం కరిగేది మనదే. ఇంక్రిమెంట్ (ఎత్తు ఎత్తుకీ కలిసే అదనపు సెకన్లు) లేని 3 నిమిషాల గేములో అక్కడినుంచి కోలుకోవడం చాలా కష్టం.

ఒళ్లు మండిపోయింది మాత్రం దీనికి: కొన్నవాళ్ల గ్రూపులో "ఆరో ఎత్తు నైట్ సీ3 వస్తే ఏం ఆడాలి?" అని మర్యాదగా అడిగితే, "బ్లిట్జ్‌లో (ఇలాంటి కొద్ది నిమిషాల గేముల్లో) అది ఎవరూ ఆడరు, ముందు టాక్టిక్స్ నేర్చుకోండి" అన్నారు అమ్మినవాళ్లు. ఎవరూ ఆడరా? కాస్త రేటింగ్ ఉన్నవాళ్లు మొదట ఆడేదే అది! నిమిషాల్లో ప్రశ్న తీసేసి, అడిగినవాళ్లని గ్రూపులోంచి తోసేశారు. డబ్బు కట్టించుకుని ఇలాగా మాట్లాడేది? రీఫండ్ ఊసే లేదు.

గాంబిట్లన్నీ చెడ్డవని కాదు. బెంకో అనే ఇంకో గాంబిట్‌లో నల్ల పాన్ ఇస్తే ఏ, బీ ఫైళ్లు (నిలువు వరసలు) రూక్‌లకి తెరుచుకుంటాయి, రెండువైపులా క్వీన్లు పోయినా ఒత్తిడి తగ్గదు. ఎంగ్లుండ్‌లో అలాంటిదేమీ లేదు.

ఏ గాంబిట్ కోర్సైనా సరే, కట్టేముందు ఆ లైన్‌ని లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరికే అనాలిసిస్ బోర్డులో పెట్టి, వల పడే ఎత్తు బదులు ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్) చెప్పిన మొదటి ఎత్తు ఆడించి చూడండి. ఆ ఎత్తుకి కోర్సులో ఎంతసేపు కేటాయించారో అమ్మేవాళ్లని రాతపూర్వకంగా అడగండి.