ముప్పై వెబ్‌సైట్ల ప్యాకేజీ కొనబోతున్నారా? అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి

పోయిన ఆదివారం ఒంగోలు నుంచి ఒక పరిచయస్తుడు ఫోనుకు ఒక పట్టిక పంపాడు. "అన్నా, ముప్పై సైట్లు లక్షన్నరకు ఇస్తామంటున్నారు. నీకు వీటి సంగతి తెలుసు కదా, ఒకసారి చూసి చెప్పు" అన్నాడు. తెరిచి చూస్తే పదిహేడో వరుసలో ఉన్న సైటు నాది. నాది అంటే, 2023లో నేను డబ్బు పోసి కొన్నాననుకున్నది. అదే పట్టిక, అదే వరుస, ఆఖరికి అదే అక్షరదోషం. ధర మాత్రం కొంచెం పెరిగింది. అందుకే సిగ్గు పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

కోవూరు దగ్గర నాకు రొయ్యల మేత, మందుల దుకాణం ఉంది. 2019లో రొయ్యల సాగు మీద తెలుగులో ఒక వెబ్‌సైటు మొదలుపెట్టాను. రైతులు దుకాణంలో అడిగే ప్రశ్నలే అందులో వ్యాసాలు. నాలుగేళ్లలో అరవై దాకా అయ్యాయి. కౌంట్ ధరలు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి ఉండే ధరలు, ఏ రోజుకు ఆ రోజు పెట్టే పేజీకి జనం బాగా వచ్చేవారు. ధర చూడటానికి వచ్చినవారు పక్కనే ఉన్న తెల్లమచ్చ రోగం వ్యాసమో, గుంట నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఎన్ని గంటలు తిప్పాలన్న వ్యాసమో చదివి వెళ్లేవారు. ప్రకటనల మీద వచ్చే డబ్బు దుకాణం కరెంటు బిల్లుకు సరిపోయేది. అంతటితో ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు.

నెల్లూరులో ఒక సంస్థ తరఫున ఒక కుర్రవాడు వచ్చాడు. సంస్థ పేరు రాయను, వ్యవహారం ఇంకా తేలలేదు. మర్యాదస్తుడు, మాట నేర్పు ఉంది. కౌంటర్ మీద ల్యాప్‌టాప్ తెరిచి, "ఒక్క పెద్ద సైటుకు ఎన్నేళ్లని చాకిరీ చేస్తారు అన్నా? ఒక్కో విషయానికి ఒక్కో చిన్న సైటు ఉండాలి. నిమ్మకు ఒకటి, ఒంగోలు గిత్తకు ఒకటి, గ్రానైటుకు ఒకటి. మీకు నేను చెప్పాలా, సీడంతా ఎవరైనా ఒకే గుంటలో వదులుతారా?" అన్నాడు.

సీడంటే గుంటలో వదిలే రొయ్య పిల్లలు. రొయ్యల మీద బతికేవాడిని పడగొట్టడానికి ఆ చివరి ముక్క చాలు. ఒక్కో సైటు 4,500 చొప్పున 1,35,000, పన్నుతో 1,59,300 రూపాయలు. కట్టేశాను.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. అతని సలహా మీదే నా పాత సైటును కూడా ముక్కలు చేయించాను. తెల్లమచ్చ వ్యాసాలు ఒక పేరు (డొమైన్, అంటే సైటు చిరునామా) కిందికి, మేత సంగతులు మరో పేరు కిందికి, ధరలు ఇంకో పేరు కిందికి వెళ్లాయి. పేజీని కొత్త చోటికి మార్చినప్పుడు పాత చిరునామాకు వచ్చినవారిని అటు శాశ్వతంగా మళ్లించాలి. ఈ పని చేసేవారు దాన్ని 301 అంటారు. వాళ్లు ఆ పని చేయలేదు, చేయాలని నాకు తెలియదు. రైతులు నాలుగేళ్లుగా వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకున్న లంకెలన్నీ ఒక్క రాత్రిలో చచ్చిపోయాయి. మర్నాడు విడవలూరు నుంచి ఒక పెద్దాయన ఫోను చేసి, "ఏమయ్యా, ధరలు పెట్టడం మానేశావా?" అని అడిగాడు. అప్పటికీ నాకు బుర్ర వెలగలేదు.

సైట్లు చేతికి వచ్చాయన్న సంబరంలో నెల రోజుల దాకా లోపల ఏముందో చదవనేలేదు. చదివిన రోజు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వెనామీ రొయ్య సాగు సైటులో పైన వేరే రకమైన టైగర్ రొయ్య బొమ్మ. తెల్లమచ్చ గురించి వాళ్లు కొత్తగా చేర్చిన వ్యాసం చివర "మచ్చలు వ్యాపిస్తే చర్మ వైద్యుడిని సంప్రదించండి" అని ఉంది. బొల్లి మీద రాసినదేదో యంత్రంతో అనువాదం చేసి ఇక్కడ అతికించారన్నమాట. ఇక పదిహేడో సైటులో మొదటి వ్యాసం పేరు "ఒంగోలు గిత్త పాల దిగుబడి". గిత్త రోజుకు పన్నెండు లీటర్లు ఇస్తుందట. మా దుకాణంలో గుమాస్తా ఆ వాక్యాన్ని వచ్చినవారందరికీ చదివి వినిపించేవాడు.

అమ్మేటప్పుడు నాకు చూపించిన గ్రాఫు గురించి చెప్పాలి, ఎందుకంటే ఒంగోలు పరిచయస్తుడికీ అదే చూపించారు. సైటు యజమానికి దాని రాకపోకలు చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో రెండు గీతలు ఉంటాయి. ఊదా రంగు గీత మన సైటు వెతుకులాట ఫలితాల్లో ఎన్నిసార్లు కనిపించిందో చెబుతుంది. నీలం గీత ఎన్నిసార్లు నొక్కి లోపలికి వచ్చారో చెబుతుంది. నాకు చూపిన బొమ్మలో ఊదా గీత ఒక్కటే ఉంది, కొండెక్కినట్టు. నీలం గీతను ఆపేసి తీసిన బొమ్మ అది. బజారులో మన బోర్డు ముందు నుంచి ఎంతమంది నడిచారో లెక్కపెట్టి వ్యాపారం బాగుందన్నట్టు.

ఎనిమిది నెలల్లో ముప్పై సైట్ల మీద ప్రకటనల ద్వారా 31 డాలర్లు వచ్చాయి. సైట్లకు ప్రకటనలు ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్‌లో 100 డాలర్లు నిండితేనే డబ్బు చేతికి వస్తుంది. పైగా ప్రతి సైటునూ విడిగా చూసి అనుమతి ఇస్తారు. నాకు నాలుగింటికే వచ్చింది, మిగిలినవి తక్కువ విలువ గల కంటెంట్ అని వెనక్కి కొట్టారు. నాలుగు ఎలా గట్టెక్కాయో కూడా నాకు తెలుసు. వాటిలో నా పాత వ్యాసాలు ఉన్నాయి.

అప్పుడు ఆ కుర్రవాడి గుంటల లెక్క మళ్లీ గుర్తొచ్చింది. 1994 ప్రాంతంలో మన తీరంలో టైగర్ రొయ్యకు తెల్లమచ్చ తగిలినప్పుడు మా నాన్నకు ఒక్క గుంట కాదు, ఐదు గుంటలు ఉండేవి. ఐదూ పోయాయి. ఐదింటికీ నీరు ఒకే కాలువ నుంచి వచ్చేది, ఐదింటిలో సీడు ఒకే హ్యాచరీది. ఒకరు వదిలిన నీటినే పక్కవారు తోడుకునేవారు. ఇక గుంటలు ఎన్ని ఉంటే ఏమిటి? నేను కొన్న ముప్పై సైట్లూ అంతే. అన్నీ ఒకే సర్వరులో ఉన్నాయి. అన్నిటికీ ఒకే డిజైను, రంగులు మాత్రమే వేరు. రాతంతా ఒకే యంత్రం నుంచి దిగింది. ప్రకటనల ఖాతా ఎలాగూ మనిషికి ఒక్కటే ఇస్తారు, అందులో ఒక సైటు తప్పు చేస్తే ఖాతా మొత్తానికి ముప్పు. బరువున్న ఒక్క సైటును ముప్పై బరువులేని ముక్కలు చేసుకున్నాను గాని, ముప్పు మాత్రం ఒక్క చోటే కుప్పగా ఉండిపోయింది.

ఈ ముక్కల వ్యాపారం ఒకప్పుడు నడిచిన మాట నిజమే. జనం వెతికే మాటనే సైటు పేరుగా పెట్టుకుంటే చాలు, పైన కనిపించేది. గూగుల్ 2012 సెప్టెంబరులో ఆ దారి మూసింది. సరుకు లేకుండా పేరు ఒక్కటే సరిపోయిన సైట్లు కిందికి దిగిపోయాయి. 2024 మార్చిలో ఇంకో రెండు నిబంధనలు వచ్చాయి. చదివేవారి కోసం కాకుండా ర్యాంకుల కోసం పేజీలను గుట్టలుగా తయారు చేయడం మీద ఒకటి, గడువు తీరిన పాత పేర్లను కొని వాటి పరపతితో పనికిరాని రాతలు నడపడం మీద ఒకటి. నా ముప్పైలో ఆరు "బలమున్న పాత పేర్లు" అని ఎక్కువ చేసి చెప్పారు. వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేర్ల పాత రూపం ఉచితంగా చూడవచ్చు. నేను ఆలస్యంగా చూశాను. నిమ్మ సైటుగా నాకు అంటగట్టిన పేరు అంతకు ముందు జూదం సైటు. పొదలకూరు నిమ్మ రైతులు క్షమించాలి.

ఏడాది తిరిగేసరికి అసలు దెబ్బ తెలిసింది. పేర్ల రెన్యువలుకు ఒక్కోదానికి 1,200 చొప్పున 36,000, సర్వరుకు 18,000 కట్టమన్నారు. మొదటి ఏడాది పేర్లు తగ్గింపు ధరకు దొరుకుతాయి, రెండో ఏడాది నుంచి అసలు ధర పడుతుంది. ఒక సైటుకైతే ఎవరైనా భరిస్తారు, ముప్పైతో గుణిస్తేనే వస్తుంది తంటా. వద్దు, పేర్లు నాకు బదిలీ చేయండి, నేనే చూసుకుంటాను అన్నాను. పేరును వేరే సంస్థకు మార్చుకోవడానికి కావలసిన బదిలీ కోడు అడిగాను. అప్పుడు తెలిసింది, ముప్పై పేర్లూ వాళ్ల ఖాతాలోనే, వాళ్ల ఈమెయిలు మీదే ఉన్నాయని. నా బిల్లు మీద "సేవల రుసుము" అని మాత్రమే ఉంది. కట్టకపోతే సైట్లు వెనక్కి వెళ్తాయి, ఇంకొకరికి అమ్ముతారు. ఇప్పుడు ఒంగోలులో జరుగుతున్నది అదే.

ఇది విని పెద్ద సైటు అమ్మేవాళ్ల దగ్గరికి పరుగెత్తకండి. నా సంగతి తెలిసి మరొకరు వచ్చి రెండున్నర లక్షలకు ఒక "అథారిటీ సైటు" చూపించాడు. దాని గొప్పంతా ఒక్క అంకెలో ఉంది, డొమైన్ అథారిటీ 48 అట. అది మోజ్ అనే సంస్థ నూటికి వేసే మార్కు, గూగుల్ దాన్ని వాడదు. సైటులో క్రికెట్, జాతకాలు, బ్యాంకు రుణాలు, అన్నీ కలిపి కొట్టిన సాంబారు. పెద్దదనం పేజీల లెక్కలో ఉంటుందనుకునేవారికి అది గిట్టుబాటు కావచ్చు. నాకైతే నా అరవై వ్యాసాల సైటే దానికన్నా పెద్దదిగా కనిపించింది.

చిన్న సైటంటేనే పనికిరాదని కూడా అనను. మా తోడల్లుడు ఉదయగిరి చెక్క గరిటెల మీద పన్నెండు పేజీల సైటు నడుపుతాడు. ఏ కర్రతో ఏ గరిటె చేస్తారో, నూనె ఎలా పట్టించాలో తనకు తెలిసినదే రాశాడు, ఆర్డర్లు వస్తున్నాయి. అతనికి ఉన్నది ఒక్క సైటే. రొయ్యలు, మేత, ధరలు ఒకే రైతుకు కావలసినవి కాబట్టి ఒకే గూటిలో ఉండాలి. గరిటెలు కొనే ఇల్లాలికి రొయ్యల కౌంటుతో పని లేదు కాబట్టి అది వేరే ఉండవచ్చు. ఇంత చిన్న సంగతికి లక్షన్నర ఫీజు కట్టి నేర్చుకున్నాను.

ఎవరైనా ఇలాంటి బేరం తెస్తే బొమ్మలు, వీడియోలు చూసి తృప్తిపడకండి. సెర్చ్ కన్సోల్‌లో మీ ఈమెయిలును చేర్చమని అడిగి, రెండు గీతలూ మీ ఫోనులో మీరే చూడండి. పేరు మీ సొంత ఖాతాలోకి వచ్చాకే మిగతా సొమ్ము ఇవ్వండి. డాట్ కామ్ పేరు కొత్తగా నమోదైనా, చేతులు మారినా, మామూలుగా 60 రోజుల దాకా వేరే సంస్థకు కదలదు. దాన్ని సాకుగా చెబితే, వాళ్ల సంస్థలోనే మీకో ఖాతా తెరిచి అందులోకి మార్చమనండి. అది చేయవచ్చు. ఏ పేజీ అయినా తీసుకుని పూర్తిగా చదవండి. ఇది నేను చేయలేదు.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫిర్యాదు చేశాను. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారని అవతలివారు వాదిస్తున్నారు. సొంతంగా పనిచేసుకుంటూ జీవనోపాధి కోసమే కొన్నవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉంది, దాన్ని పట్టుకునే నెల్లూరు వినియోగదారుల కమిషన్‌కు కాగితాలు సిద్ధం చేస్తున్నాను. పాత సైటును మళ్లీ ఒక్కటి చేశాను. దాని పేరు ముందు నుంచీ నాదే కావడం నా అదృష్టం. విడవలూరు పెద్దాయన ధరలు చూస్తున్నాడు. వెనుకటి రాకపోకల్లో సగం కూడా ఇంకా తిరిగి రాలేదు.

ఒంగోలు పరిచయస్తుడు సెర్చ్ కన్సోల్ అడిగితే, అడ్వాన్సు ఇరవై వేలు వేశాక చూపిస్తామన్నారట. రాత్రి ఆ పదిహేడో సైటు తెరిచి చూశాను. రంగు మార్చారు, పైన కొత్త బొమ్మ పెట్టారు. గిత్త మాత్రం ఇంకా రోజుకు పన్నెండు లీటర్లు ఇస్తూనే ఉంది.