గెడ్డ నీటికి ఒక పరీక్షపెట్టె: ఎనిమిది నెలల వాడకం తరువాత

మా వీధి వెనుక పారే గెడ్డ నీటిని కొలవడానికి కిందటి కార్తీక మాసంలో ఒక నీటి పరీక్షపెట్టె తెప్పించాను. పోస్టు ఖర్చుతో కలిపి 4,600 రూపాయలయింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటివి నాలుగైదు పేర్లతో దొరుకుతున్నా లోపలి సీసాలు, రంగుల అట్ట, వాటి లోపాలు దాదాపు ఒక్కటే. ముప్పై ఏళ్లు జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పిన వాడిని కనుక సీసాలంటే భయం లేదు. ఆ అలవాటు లేనివారు కొనవచ్చునా, కొంటే దేనికి పనికివస్తుంది, దేనికి పనికిరాదు అన్నది చెప్పడానికే ఈ సమీక్ష.

ముందుగా గెడ్డ గురించి. కొండ మీద నుంచి దిగివచ్చే ఏరును గెడ్డ అనడం ఉత్తరాంధ్ర మాట. మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ పేర్లలో ఉన్నది ఆ అర్థమే. నగరంలో పుట్టి పెరిగిన పిల్లలను అడిగితే మాత్రం గెడ్డ అంటే మురుగు కాలువ అని తడుముకోకుండా చెబుతారు, వారి తప్పేమీ లేదు, వారు చూసింది అదే. మేఘాద్రిగెడ్డనే తీసుకుంటే ఆనకట్టకు పైన అది విశాఖకు తాగునీరు, కిందికి దిగి నౌకాశ్రయం వైపు సాగేసరికి ఊరి మురుగును మోసే కాలువ. మా వెనుక ఉన్నది అంత పెద్దది కాదు. సింహాచలం కొండల వైపు నుంచి వచ్చే ఒక చిన్న పాయ. నా చిన్నతనంలో అందులో రొయ్యపిల్లలు పట్టేవాళ్లం.

పెట్టెలో ఏడు పరీక్షల సామగ్రి ఉంది: పీహెచ్, టీడీఎస్ మీటరు, కరిగిన ఆక్సిజన్, అమ్మోనియా, నైట్రేటు, ఫాస్ఫేటు, మలసంబంధ సూక్ష్మజీవులకు చిన్న సీసాలు పది. ప్రకటనలో అన్నిటికంటే పెద్ద బొమ్మ టీడీఎస్ మీటరుది. మురుగును కనిపెట్టే పనికి పెట్టెలో అన్నిటికంటే పనికిరానిది కూడా అదే. అది నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తుందో కొలిచి, ఆ అంకెను ఒక స్థిరసంఖ్యతో హెచ్చించి, కరిగిన లవణాలు ఇంత అని చూపిస్తుంది, అంతే. మలం, సబ్బు, కుళ్లిన కూర, నూనె దానికి కనిపించవు. మా గెడ్డలో ముక్కు మూసుకుని ముంచితే 740 చూపింది, మా బోరు నీటిలో 910 చూపింది. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరకని చోట 2,000 దాకా అనుమతి. అంటే మీటరు మాట నమ్మితే బోరు నీటికంటే గెడ్డ నీరే శ్రేష్ఠం. ఇంటింటికీ తిరిగి ఫిల్టర్లు అమ్మే కుర్రవాళ్లు ఇదే మీటరు చూపించి మనల్ని బెదిరిస్తారని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఇనుప కడ్డీలు ముంచి నీటిని గోధుమరంగుకు తిప్పే వారి రెండో విద్యలో రంగు వచ్చేది కడ్డీ నుంచే తప్ప నీటి నుంచి కాదు.

పెట్టెకు పెట్టిన డబ్బు కిట్టుబాటయ్యేది కరిగిన ఆక్సిజన్ పరీక్షతో. ఇది 1888లో వింక్లర్ రూపొందించిన పద్ధతి, నూట ముప్పై ఏళ్లు దాటినా దీని ముందు నిలిచిన చౌక పద్ధతి మరొకటి నాకు తెలియదు. బుడగ లేకుండా సీసా నిండా నీరు పట్టి, మాంగనీసు సల్ఫేటు, క్షారంలో కలిపిన అయొడైడు వేసి మూత పెడితే నీటిలో ఆక్సిజన్ ఉన్నంత మేరకు గోధుమరంగు అవక్షేపం, అంటే అడుగుకు చేరే మడ్డి, దిగుతుంది. ఆక్సిజన్ లేకపోతే అది పాలవిరుగుడులా తెల్లగా ఉంటుంది. తరువాత ఆమ్లం, పిండి ద్రావణం వేసి, నీలిరంగు పోయేదాకా చుక్కలు లెక్కపెట్టుకోవాలి. ఈ పెట్టెలో ఒక్కో చుక్క లీటరుకు 0.5 మిల్లీగ్రాములు. ముప్పై డిగ్రీల వెచ్చని మంచినీటిలో కరిగి ఉండగలిగేది సుమారు ఏడున్నర మిల్లీగ్రాములు. స్నానానికి పనికివచ్చే నదీజలంలో కనీసం 5 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ, చేపలు బతకడానికి 4. ఈ సంఖ్యలలో ఒక్కటి కూడా పెట్టెతో వచ్చిన కాగితంలో లేదు. పైగా ఆ కాగితం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంది. చివరకు తెలుగులో ఒక పేజీ నేనే రాసుకుని మూత లోపల అంటించాను.

మొదటి నెలలోనే ఒక వింత ఎదురయింది. మా వీధి చివరి కల్వర్టు దగ్గర అవక్షేపం దాదాపు తెల్లగా దిగింది, అంటే ప్రాణవాయువు లేనట్టు. చుక్కలు లెక్కపెడితే మాత్రం 2 మిల్లీగ్రాములు తేలింది. అంతకంటే విడ్డూరం, నీలిరంగు పోయిన ద్రావణం నిమిషం తిరగకుండా మళ్లీ నీలిరంగుకు వచ్చింది. పాఠం చెప్పిన రోజులు గుర్తుకు తెచ్చుకుంటే కారణం తెలిసింది: మురుగులో ఉండే నైట్రైటు ఆమ్లంలో అయొడైడును తానే అయొడిన్‌గా మార్చి, లేని ఆక్సిజన్‌ను ఉన్నట్టు చూపుతుంది. దీనికి విరుగుడుగా క్షార ద్రావణంలో అజైడు అనే రసాయనం కలపాలని ప్రయోగశాల పుస్తకాలన్నిటిలో ఉంటుంది. ఈ పెట్టెలో అది లేదు. అజైడు విషం కనుక ఇళ్లకు అమ్మే పెట్టెలో వేయకపోవడాన్ని నేను తప్పుపట్టను, కానీ మురుగునీటిలో అంకె ఎక్కువ చూపుతుందని ఒక్క వాక్యం రాయడానికి ఏం అడ్డం? కంపెనీకి రెండు ఉత్తరాలు రాశాను, రెండింటికీ ఒకే జవాబు వచ్చింది: సీసాను బాగా కడిగి మళ్లీ ప్రయత్నించండి అని. ఈ పెట్టె వాడేవారు చుక్కల లెక్కకంటే ముందు అవక్షేపం రంగును నమ్మండి.

రెండో లోపం అమ్మోనియా పరీక్షది. నెస్లర్ కారకం అనే రసాయన ద్రావణం వేస్తే నీరు లేత పసుపు నుంచి ముదురు గోధుమకు మారుతుంది, దాన్ని రంగుల అట్టతో పోల్చుకోవాలి. అట్ట 3 మిల్లీగ్రాములతో ఆగిపోతుంది. కుళాయి నీటికో చేపల తొట్టికో అది చాలు, ఇళ్ల మురుగులో అమ్మోనియా ఇరవై, ముప్పై మిల్లీగ్రాములుండడం మామూలు. కనుక ఇంజక్షన్ సిరంజితో ఒక వంతు గెడ్డ నీరు, తొమ్మిది వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి పరీక్షించి, వచ్చిన దాన్ని పదితో హెచ్చించుకోవాలి. అన్నిటికంటే నన్ను ఇబ్బందిపెట్టింది ఇంకొకటి: నెస్లర్ కారకంలో పాదరసం ఉంటుంది. వాడిన నీటిని ఎక్కడ పారబోయాలో కాగితంలో లేదు. సింకులో పోస్తే అది చేరేది, చివరికి, నేను కొలుస్తున్న గెడ్డలోకే. ఎనిమిది నెలల వ్యర్థాన్ని రెండు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో పోసి, చీటీ అంటించి, మిద్దె మీద గదిలో తాళం వేసి ఉంచాను. కళాశాల ప్రయోగశాల ఒకటి తమ వ్యర్థంతో పాటు తీసుకోవడానికి ఒప్పుకుంది. పిల్లలున్న ఇంట్లో ఈ కారకాన్ని వాడమని నేను చెప్పలేను.

ఇన్ని లోపాలున్నా ఎందుకు వాడుతున్నానంటే, అంకె ఖచ్చితం కాకపోయినా ఒకే చేయి, ఒకే పెట్టె, ఒకే గంటలో రెండు చోట్ల కొలిచినప్పుడు తేడా అబద్ధం చెప్పదు. గెడ్డ వెంట ఆరు చోట్లు గుర్తుపెట్టుకుని ప్రతి ఆదివారం పై నుంచి కిందికి నడిచాను. మొదటిసారి నన్ను చూసి ఇనుప సామాను దుకాణం వాడు, "గెడ్డకి రగత పరీక్షలు చేస్తన్నారేటి మాస్టారూ?" అని అడిగాడు. ఇంతకంటే మంచి పేరు ఈ పనికి నాకు దొరకలేదు.

మూడో చోటికీ నాలుగో చోటికీ మధ్య రెండువందల అడుగుల మేర గెడ్డ మీద శ్లాబు వేసి ఉంది, దాని మీద బండ్లు నిలుపుతారు. పై చోట అమ్మోనియా 4 దగ్గర ఉంటే శ్లాబు దాటి బయటికి వచ్చేసరికి 20 దాటింది. వరుసగా ఐదు ఆదివారాలు అంతే. అందరి వేలూ ఎప్పుడూ పైనున్న బస్తీ వైపు చూపేది, ఎందుకంటే అక్కడి మురుగు కంటికి కనిపిస్తుంది. శ్లాబు కింద చేరేది ఎవరికీ కనిపించదు. ఆ పట్టిక పట్టుకుని కార్యాలయానికి వెళితే మొదట ఇంటి పెట్టెతో చేసిన పరీక్ష చెల్లదన్నారు, ఆ మాట న్యాయమే. తరువాత వచ్చిన సిబ్బంది శ్లాబు పలకలు రెండు లేపి చూస్తే వాన నీటికి వేసిన గొట్టాలలోంచి సెప్టిక్ ట్యాంకుల పొంగు దిగుతోంది. అలాంటి గొట్టాలు మూడు, వాటిలో ఒకటి మా వీధిదే.

వేళ కూడా ముఖ్యం. పాచి పట్టిన చోట ఎండలో పాచి ఆక్సిజన్ వదులుతుంది కనుక మధ్యాహ్నం మూడింటికి 6 చూపిన మడుగు తెల్లవారుజామున 1 కూడా చూపలేదు. ఇళ్ల మురుగు ఉద్ధృతంగా దిగేది ఉదయం ఏడు నుంచి పది మధ్య. భోజనానికి ముందో తరువాతో వచ్చి నమూనా పట్టుకుపోయే తనిఖీలో గెడ్డ ఆరోగ్యంగా కనబడడానికి ఇది చాలు. సముద్రపు పోటు ఎక్కే దిగువ భాగంలో అయితే ఈ పెట్టె ఎందుకూ కొరగాదు: ఉప్పునీటిలో నెస్లర్ కారకం మబ్బుగా విరిగిపోతుంది, టీడీఎస్ మీటరు అంకె చూపడమే మానేస్తుంది.

ఏటా వానలకు ముందు గెడ్డలోకి పొక్లెయిన్ దిగుతుంది. పూడిక తీసి గట్టున పోస్తారు, తొలి జల్లుకు అందులో సగం మళ్లీ లోపలికే జారుతుంది. ఈసారి పూడిక తీయడానికి ముందు వారం, తరువాత వారం కొలిచాను. నీరు వేగంగా పారింది, దోమలు తగ్గాయి, వీధి మునగలేదు. ఆ మేరకు అది అవసరమైన పని. అమ్మోనియా మాత్రం ఉన్నచోటే ఉంది, కల్వర్టు దగ్గర అవక్షేపం ముందులాగే తెల్లగా దిగింది. శ్లాబు కింది గొట్టాలలో రెండింటిని మూసి మురుగు లైనుకు కలిపిన నెలలో మాత్రం 20 దాటిన చోట 9కి వచ్చింది. గెడ్డ శుభ్రం చేశామని ఫోటో తీయడానికి పూడిక కుప్ప బాగుంటుంది, గొట్టం మూసిన చోట ఫోటోకి ఏమీ ఉండదు.

బీఓడీ కొలుస్తుందా అని ఇద్దరు అడిగారు. కొలవదు, కొలుస్తుందని ప్రకటనలో ఉన్నా. సూక్ష్మజీవులు మురుగును తింటూ ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చెప్పే ఆ పరీక్షకు మన దేశంలో నీటిని 27 డిగ్రీల వద్ద మూడు రోజులు చీకటిలో ఉంచుతారు. మురుగును ముందుగా పలచన చేయకపోతే ఆక్సిజన్ తొలిరోజే అయిపోయి లెక్క మిగలదు. దేశంలో నదుల కలుషిత భాగాలను నిర్ణయించేది ఈ అంకెతోనే. 2018లో కేంద్ర మండలి 351 భాగాలను గుర్తించి, లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటిన వాటిని మొదటి వరుసలో పెట్టింది. ఆ జాబితాలో మన ఉత్తరాంధ్ర నుంచి నాగావళి ఉంది. మా పాయలాంటి గెడ్డల గోడు అంతదాకా వెళ్లదు. ఆధారం కావలసినవారు నమూనాను మంచుపెట్టెలో పెట్టి ప్రయోగశాలకు ఇవ్వవలసిందే, పెట్టె చేయగలిగింది ఏ చోటి నీరు ఇవ్వాలో చెప్పడం వరకే.

సూక్ష్మజీవుల సీసాలు గెడ్డకు దండగ, ఎక్కడ ముంచినా రాత్రికే నల్లబడతాయి. బావులకు మాత్రం ఇవి విలువైనవి. 1982లో మన దేశంలోనే రూపొందిన ఈ పరీక్షకు యంత్రం అక్కరలేదు, విశాఖ ఉక్కలో వేడిపెట్టె కూడా అక్కరలేదు. నీరు పోసి ఒక మూల ఉంచి రెండు రోజులు చూడడమే. గెడ్డకు ముప్పై అడుగుల దూరంలో ఉన్న మా ఉమ్మడి బావి నీరు రెండో ఉదయానికి నల్లబడింది. అంట్లకు వాడుతున్న ఇద్దరూ ఆ రోజే మానేశారు.

ఆక్సిజన్, సూక్ష్మజీవుల పరీక్షల కోసమైతే కొనవచ్చు. మిగతా ఐదింటి కోసమైతే కొనవద్దు. ఐదు నక్షత్రాలకు రెండున్నర ఇస్తాను. పెట్టెలో ఆక్సిజన్ కారకాలు యాభై పరీక్షలకని రాసి ఉన్నా నాకు ముప్పై ఎనిమిదికే అయిపోయాయి, మార్చిలో తెరిచిన పిండి ద్రావణం మే నెల వేడికి బూజు పట్టింది. రెండో పెట్టె తెప్పించలేదు. పూర్ణా మార్కెట్టు వైపు ఉన్న రసాయనాల దుకాణంలో కారకాలు విడిగా కొన్నాను, పిండి ద్రావణం ఏ వారానిది ఆ వారం వంటింట్లో సగ్గుబియ్యంతో కాచుకుంటున్నాను. మూడో గొట్టం ఇంకా తెరిచే ఉంది.