కాటా గదికి ఏది మేలు: వీబీ6, సీ షార్ప్, వెబ్?

ఆదోని చుట్టుపక్కల పత్తి మిల్లులకు, కమీషన్ మండీలకు లెక్కల ప్రోగ్రాములు రాసి, వాటి మంచిచెడ్డలు చూసుకోవడం నా వృత్తి. ఈ మధ్య మిల్లు యజమానులూ, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. కాటా గదిలో ఏళ్ల తరబడి నడుస్తున్న విజువల్ బేసిక్ 6 (వీబీ6) ప్రోగ్రామును అలాగే ఉంచాలా, సీ షార్ప్ అనే భాషలోకి మార్చాలా, లేక అంతా బ్రౌజరులోకి తీసుకువెళ్లాలా? యజమాని ఖర్చు చూస్తాడు. పిల్లలు కొత్తదేదో చూస్తారు. రెండూ చూడవలసినవే. కానీ నేను అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న వేరు: ఈ పనిముట్టును తయారుచేసినవారు రేపు దాన్ని వదిలేస్తే, అందులో ఉన్న మన లెక్కలు ఏమవుతాయి?

వదిలేయడం మన వృత్తిలో మామూలే. ఒకప్పుడు వ్యాపారుల లెక్కలకు పేరుపడ్డ ఫాక్స్‌ప్రోకు మైక్రోసాఫ్ట్ 2004లో తొమ్మిదో వెర్షన్ తెచ్చి అక్కడితో ఆపేసింది. 2015 జనవరిలో మద్దతు కూడా ముగిసింది. బ్రౌజరులో ప్రోగ్రాములు నడపడానికి 2007లో వచ్చిన సిల్వర్‌లైట్ 2021 అక్టోబరులో పోయింది. వెబ్ పేజీలు కట్టడానికి గూగుల్ 2010లో తెచ్చిన ఆంగ్యులర్‌జేఎస్‌కు 2021 చివరితో కాలం చెల్లింది. గిట్‌హబ్ సంస్థ ఎంతో ఆర్భాటంగా నడిపిన ఆటమ్ అనే కోడు రాసే ఎడిటర్‌ను 2022 డిసెంబరులో మూసేశారు. వీటిలో వయసులో పెద్దదైన ఫాక్స్‌ప్రోను నమ్ముకున్నవారి లెక్కలే భద్రంగా ఉన్నాయి. లెక్కలు దాచిన వారి డీబీఎఫ్ ఫైలు ఈరోజు కూడా ఉచితంగా దొరికే లిబ్రేఆఫీసులో తెరుచుకుంటుంది. బేరీజు వేసేటప్పుడు నేను ఈ సంగతిని మనసులో పెట్టుకుంటాను.

పాతదాని బలం, బలహీనత

కాటా గది పని ఇలా ఉంటుంది. పత్తి లోడుతో బండి వేబ్రిడ్జి ఎక్కుతుంది. ఇండికేటరు నుంచి సీరియల్ కేబులు ద్వారా బరువు కంప్యూటరుకు చేరుతుంది. ఖాళీ బండి బరువు తీసేస్తే పత్తి బరువు తేలుతుంది. ధర, హమాలీ, ఇతర కోతలు లెక్కగట్టి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద కార్బన్ ప్రతులతో పట్టీ తీస్తారు. సీజన్లో గేటు బయట బండ్లు బారులు తీరి ఉంటాయి. రైతు పొద్దున వచ్చి నిలబడి ఉంటాడు. అక్కడ ప్రోగ్రాము ఒక్క నిమిషం ఆగినా ఆ వరుస అంతా ఆగుతుంది.

ఈ పనిని వీబీ6 చక్కగా చేస్తుంది, అందులో సందేహం లేదు. 1998లో వచ్చిన ఈ భాషలో సీరియల్ పోర్టు చదవడానికి ఎంఎస్‌కామ్ అనే భాగం ఉంది. ప్రింటరుకు నేరుగా అక్షరాలు పంపవచ్చు. ప్రోగ్రాము చిన్నది, పాత కంప్యూటరులో కూడా చురుకుగా నడుస్తుంది. తయారైన ప్రోగ్రాము నడవడానికి కావలసిన రన్‌టైముకు విండోస్ 11లో కూడా మైక్రోసాఫ్ట్ మద్దతు ఇస్తోంది. కనుక "రేపు పొద్దున ఆగిపోతుంది" అని యజమానిని భయపెట్టి పని పట్టుకోవడం తప్పు. అలా భయపెట్టేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

చిక్కు నడపడంలో లేదు, మార్చడంలో ఉంది. ప్రోగ్రాము రాసే సాధనానికి మద్దతు 2008 ఏప్రిల్‌లోనే ముగిసింది. కొత్త విండోసులో దాన్ని ఎక్కించడమే ఒక తంటా. లెక్కలు దాచే యాక్సెస్ ఎండీబీ ఫైలు 2 జీబీ దాటి పెరగదు. తెలుగు సంగతి ఇంకా బాధాకరం. విండోసులో తెలుగు యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలు) ద్వారానే నడుస్తుంది, వీబీ6తో వచ్చిన టెక్స్ట్ పెట్టెలు యూనికోడును చూపలేవు. రైతు పేరు తెలుగులో కొడితే ప్రశ్నార్థకాలు పడతాయి. తన పట్టీ మీద తన పేరు తాను చదువుకోలేని రైతుకు ఆ కాగితం మీద నమ్మకం ఎలా కుదురుతుంది?

దానికి తోడు జీఎస్టీలో ఈ-ఇన్‌వాయిస్, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టలులో నమోదు చేసే నియమం, వచ్చింది. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటినవారితో మొదలై, 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లు దాటినవారి వరకు దిగింది. బేళ్లు అమ్మే మిల్లులు చాలావరకు ఆ గీత దాటుతాయి. బేళ్ల అమ్మకం బిల్లులను జేసన్ అనే డేటా రూపంలో పోర్టలుకు పంపి, 64 అక్షరాల రిఫరెన్సు సంఖ్యా, క్యూఆర్ కోడూ తెచ్చుకోవాలి. వీబీ6లో ఇది అసాధ్యం కాదు. కానీ జేసన్ చదివే ఏర్పాటు ఆ భాషలో లేదు, బయటి నుంచి తెచ్చి అతికించాలి. అలాంటి అతుకులు నాలుగు పడ్డాక ఏది ఎందుకు పనిచేస్తోందో ఎవరికీ తెలియదు.

సీ షార్ప్

ఇది కూడా మైక్రోసాఫ్ట్‌దే. వీబీ6 తెలిసినవారికి విన్‌ఫార్మ్స్ అనే సాధనంతో కట్టే తెరలు చూడగానే అర్థమవుతాయి. సీరియల్ పోర్టు, జేసన్, యూనికోడు అన్నిటికీ తగిన ఏర్పాట్లున్నాయి. ప్రోగ్రాము రాసే సాధనం విజువల్ స్టూడియో కమ్యూనిటీ చిన్న సంస్థల్లో ఐదుగురి వరకు ఉచితం. మా జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల నుంచి వచ్చే పిల్లలకు జావా వచ్చు, జావా వచ్చినవారికి సీ షార్ప్ త్వరగా పట్టుబడుతుంది. నేను లేని రోజున ఆ మిల్లు ప్రోగ్రామును ఎవరో ఒకరు చదవగలగాలి కదా. వీబీ6ను చదివేవారు ఏటేటా తగ్గుతున్నారు.

వీబీ6 నుంచి దాని తర్వాతి తరమైన వీబీ డాట్‌నెట్‌కు వెళితే సులువు కదా అని కొందరు అడుగుతారు. ఆ భాషకు ఇక కొత్త హంగులు చేర్చే ఆలోచన లేదని మైక్రోసాఫ్ట్ 2020లోనే చెప్పింది. ఎలాగూ మారుతున్నప్పుడు ఎదుగుదల ఆగిన భాషలోకి మారడం ఎందుకు?

ఇక్కడ యజమానికి చెప్పి తీరవలసిన సంగతి ఒకటుంది. సీ షార్ప్ ప్రోగ్రాములను నడిపే డాట్‌నెట్ కొత్త వెర్షన్ ఏటా నవంబరులో వస్తుంది. ఏడాది విడిచి ఏడాది వచ్చే వాటికే మూడేళ్ల మద్దతు. 2023లో వచ్చిన 8వ వెర్షనుకు 2026 నవంబరు వరకు, 2025లో వచ్చిన 10వ వెర్షనుకు 2028 నవంబరు వరకు గడువు. అంటే రెండు మూడేళ్లకోసారి ప్రోగ్రామును కొత్త వెర్షను మీదికి ఎక్కించే పని ఉంటుంది. అది ఒకసారి రాసి మరిచిపోయే ఖర్చు కాదు. పైగా 8వ వెర్షను విండోస్ 7 మీద నడవదు. పాత కంప్యూటర్లు మార్చలేని చోట పాత తరం డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 వాడుకోవచ్చు. అది విండోస్ 7 మీద కూడా నడుస్తుంది, పైగా దాని మద్దతు విండోసుతోనే ముడిపడి ఉంది. కొత్తదనం తక్కువ, నిలకడ ఎక్కువ. ఇంటర్నెట్ తగలని కాటా గదికి నేను ఇప్పటికీ దీన్నే సూచిస్తాను.

వెబ్

రాయదుర్గంలో జీన్స్ కుట్టించే యజమాని అడిగితే నేను వెబ్ అనే చెబుతాను. ముక్కల లెక్క, కూలీల పద్దు, సరుకు ఎక్కడిదాకా వచ్చిందో ఫోనులో చూసుకోవడం... ఆ పనికి జాంగో (పైథాన్ భాషలో వెబ్ ప్రోగ్రాములు కట్టే సాధనం), పోస్ట్‌గ్రెస్ (డేటాబేసు) జోడీ దివ్యంగా సరిపోతుంది. జాంగోలో దీర్ఘకాల మద్దతు వెర్షన్లకు మూడేళ్లు, పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి పెద్ద వెర్షనుకు ఐదేళ్లు గడువు. ఏదీ ఒక్క కంపెనీ సొత్తు కాదు.

కాటా గది సంగతి వేరు. బ్రౌజరు సీరియల్ పోర్టును చదివే ఏర్పాటు క్రోములో 2021 నుంచి ఉంది, కానీ విండోస్ 7కు చివరి క్రోమ్ 109వ వెర్షన్, ఆ తర్వాత భద్రతా సవరణలు అందవు. డాట్ మ్యాట్రిక్సుకు మామూలుగా బ్రౌజరు నుంచి నేరుగా అక్షరాలు పంపలేము. పట్టీని బొమ్మగా మార్చి పంపితే ప్రింటరు గీసుకుంటూ కూర్చుంటుంది. లేదంటే ప్రతి కంప్యూటరులో ఒక సహాయక ప్రోగ్రాము పెట్టాలి, అప్పుడు అది మళ్లీ డెస్క్‌టాప్ ప్రోగ్రామే అయింది. సీజన్లో సాయంత్రం నెట్ పోతే బండ్ల వరుస నిలిచిపోతుంది. వెబ్ పేజీని బ్రౌజరుతో సహా కట్టి ఇచ్చే ఎలక్ట్రాన్‌తో కట్టి డెస్క్‌టాపులో పెడదామని పిల్లలు అంటారు. లెక్కల పట్టీ ఒక్కటి తీయడానికి ప్రోగ్రాముతో పాటు మొత్తం బ్రౌజరును మోయించడం నాకు నచ్చదు.

పైసల దగ్గర తేలే తేడా

మూడింటినీ పోల్చేవారు తెరల అందం చూస్తారు, వేగం చూస్తారు. అసలు పరీక్ష రూపాయికి సరిచేసే చోట ఉంది. హమాలీ పోగా రైతుకు 2,344 రూపాయల 50 పైసలు వచ్చాయనుకోండి. వీబీ6లోని రౌండ్ అనే ఆదేశం దాన్ని 2,344 చేస్తుంది, ఎందుకంటే సగం దగ్గర సరిసంఖ్య వైపు మొగ్గడం దాని పద్ధతి. అదే భాషలోని ఫార్మాట్ ఆదేశం 2,345 అని చూపుతుంది. సీ షార్ప్ రౌండ్, పైథాన్ రౌండ్ ఏమీ చెప్పకపోతే 2,344 అంటాయి. జావాస్క్రిప్టు 2,345 అంటుంది. పోస్ట్‌గ్రెస్ న్యూమెరిక్ రకంలో కూడా 2,345 వస్తుంది. ఏదీ తప్పు కాదు. కానీ పాత పట్టీకీ కొత్త పట్టీకీ రూపాయి తేడా వచ్చిన రోజున మిల్లు మీద అనుమానం పుడుతుంది. రైతు ఆ అనుమానం పెట్టుకోవడంలో అన్యాయం ఏమీ లేదు.

పైసలను తేడా లేకుండా దాచడానికి వీబీ6లో కరెన్సీ రకం ఉంది, సీ షార్ప్‌లో, పైథాన్‌లో డెసిమల్ ఉంది. జావాస్క్రిప్టులో సొంతంగా అలాంటిది లేదు. 1.005ను 100తో గుణిస్తే 100.49999999999999 అని చెబుతుంది. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసులో కూడా డెసిమల్ రకం లేదు కనుక అక్కడ నేను పైసలను పూర్ణాంకాలుగా దాస్తాను. అయినా ఎస్‌క్యూలైట్‌ను ఇష్టంగా వాడతాను. మొత్తం లెక్క ఒకే ఫైలులో ఉంటుంది, ఏ భాష నుంచైనా చదవవచ్చు, 2050 వరకు మద్దతు ఇస్తామని దాన్ని తయారుచేసినవారే మాట ఇచ్చారు.

కనుక ఏ పనిముట్టును పరీక్షించినా నా పద్ధతి ఒకటే. పోయిన సీజను పట్టీలన్నీ తీసి, వాటి బరువులు, ధరలు కొత్త ప్రోగ్రాముకు ఇచ్చి, చివరి అంకెలు పైసతో సహా కలుస్తున్నాయో లేదో చూస్తాను. నెల రోజులు తెరలు దిద్దడం కంటే ఈ పని ముందు జరగాలి. తేడా వచ్చిన చోట ఏ పద్ధతి ఉంచాలో యజమానిని, గుమాస్తాను కూర్చోబెట్టి తేలుస్తాను. అది ప్రోగ్రామరు ఒక్కడే తీసుకోవలసిన నిర్ణయం కాదు.

ఏఐ సహాయకుల గురించి ఇక్కడే చెప్పాలి. కోడు రాసిపెట్టే గిట్‌హబ్ కోపైలట్ 2022 జూన్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చాక ఇలాంటివి చాలా వచ్చాయి. ఎవరో రాసిపెట్టి వెళ్లిన, ఒక్క వివరణ కూడా లేని వీబీ6 కోడును చదివించి ఇది ఏం చేస్తోందో చెప్పమంటే అవి నిజంగా పనికొస్తాయి. మార్చి రాయమన్నప్పుడు మాత్రం ప్రతి వరుసా చదవాలి. పాత కోడులో "ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్" ఉంటే, తప్పు జరిగినా ముందుకు సాగిపొమ్మని దాని అర్థం. దాన్ని ఖాళీ క్యాచ్‌గా, అంటే తప్పును పట్టి ఏమీ చేయకుండా వదిలేసేదిగా, మార్చి ఇస్తే కేబులు ఊడినా ప్రోగ్రాము నోరెత్తదు, ముందు బండి బరువే తర్వాతి బండికి పడవచ్చు. రౌండ్‌ను జావాస్క్రిప్టులోకి మార్చమంటే మ్యాథ్ రౌండ్ వస్తుంది, పైన చెప్పిన రూపాయి తేడా దానితోపాటే వస్తుంది. పాత పట్టీలతో పరీక్షించే ఏర్పాటు ఉంటే ఏఐ సాయం తీసుకోండి, లేకపోతే వద్దు. రైతుల పేర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న ఫైలును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దానికి ఇవ్వకండి.

నా మొగ్గు

టర్నోవరు 5 కోట్ల లోపు ఉండి, ఒకటే కంప్యూటరు, ఒకటే కాటా ఉన్న చిన్న మిల్లు వీబీ6ను ఇంకొంత కాలం ఉంచుకోవచ్చు. కానీ మూల కోడు మిల్లు చేతిలో ఉండాలి, అది మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఉండాలి. ప్రోగ్రాము రాసే సాధనమంతా ఒక వర్చువల్ మెషీనులో (కంప్యూటరు లోపల నడిచే మరో కంప్యూటరు) భద్రంగా ఉండాలి. ప్రతి సాయంత్రం లెక్కలు ఏ ప్రోగ్రాములోనైనా తెరుచుకునే మామూలు సీఎస్‌వీ ఫైలులోకి వెళ్లాలి. ఈ నాలుగూ లేకుండా ఉంచుకోవడం ప్రమాదం.

ఈ-ఇన్‌వాయిస్ గీత దాటిన మిల్లుకు సీ షార్ప్ మేలు. ఊళ్లో లేని యజమాని ఆనాటి రాకడ చూసుకోవాలంటే, కాటా గది నుంచి లెక్కలు అందుకునే చిన్న వెబ్ పేజీ చాలు, అందులో చూడడం తప్ప మార్చడం ఉండకూడదు. మొత్తం వెబ్‌లోకి మార్చడాన్ని కాటా ఉన్న చోట నేను ఒప్పుకోను.

ఒప్పందం రాసుకునేటప్పుడు మూల కోడు ఎవరిదో, లెక్కలు ఏ రూపంలో బయటికి తీసి ఇస్తారో కాగితం మీద ఉండేలా చూసుకోండి. పత్తి రాక అక్టోబరు నుంచి ఊపందుకుంటుంది కాబట్టి వేసవిలో రెండు ప్రోగ్రాములూ పక్కపక్కనే నడపండి. బిల్లుల వరుస సంఖ్య ఏప్రిల్ 1న ఎలాగూ కొత్తగా మొదలవుతుంది, కొత్త ప్రోగ్రామును పాతదాని పక్కన మొదలుపెట్టడానికి అదే వీలైన రోజు. మారాక పాత కంప్యూటరును తూకానికి అమ్మేయకండి. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు భద్రపరచాలని జీఎస్టీ చట్టం చెబుతోంది. ఆ ఆరేళ్లూ పాత ఎండీబీ ఫైలు తెరుచుకునే కంప్యూటరు ఒకటి మిల్లులో ఉండాలి, లేదా అందులోని పట్టీలన్నీ ఇప్పుడే సీఎస్‌వీలోకి, పీడీఎఫ్‌లోకి వచ్చేయాలి.