జపాన్‌లో రైలు పాసా, విడి టికెట్లా: ఏది మేలు?

జపాన్ వెళ్తున్నామనగానే ఎవరో ఒకరు "ముందు జేఆర్ పాస్ తీసేసుకోండి" అంటారు. దేశమంతటా జేఆర్ కంపెనీల రైళ్లలో తిరగడానికి విదేశీ పర్యాటకులకిచ్చే పాస్ అది. 2023 అక్టోబరు దాకా ఆ సలహా మంచిదే. ఏడు రోజుల సాధారణ పాస్ అప్పట్లో 29,650 యెన్లు. టోక్యో నుంచి క్యోటో వెళ్లొస్తే చాలు, దాదాపు గిట్టిపోయేది. ఆ నెలలో దాన్ని ఏకంగా 50,000 చేశారు. సలహా మాత్రం ఇంకా పాతదే తిరుగుతోంది. అది నమ్మి కుటుంబమంతటికీ పాసులు కొనేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కువగా తిరిగేది టోక్యో, క్యోటో, ఒసాకా. టోక్యో-క్యోటో షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) రిజర్వుడు సీటు సుమారు 14,000 యెన్లు. క్యోటో నుంచి ఒసాకాకి మామూలు రైల్లో ఆరు వందల లోపే. ఒసాకా నుంచి టోక్యోకి తిరుగు ప్రయాణం పద్నాలుగున్నర వేల పైచిలుకు. అన్నీ కలిపినా 30,000 దాటదు. పాస్ కొంటే మనిషికి 20,000 యెన్లు నష్టమన్నమాట. ఒసాకా తర్వాత హిరోషిమా కూడా చేర్చి, అక్కడి నుంచే నేరుగా టోక్యో తిరిగొచ్చినా లెక్క 45,000 దగ్గరే ఆగుతుంది.

డబ్బు సంగతి అటుంచినా, పాస్‌తో నొజొమి అనే అతివేగ షింకాన్‌సెన్ ఎక్కాలంటే అదనంగా కట్టాలి. టోక్యో-క్యోటోకి అది దాదాపు 5,000 యెన్లు. ఎక్కువగా నడిచేది ఆ రైళ్లే. కట్టకపోతే హికరి అనే కాస్త నెమ్మది రైలు కోసం చూడాలి, అది మరో పాతిక నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది. పైగా ఏడు రోజులంటే వరసగా ఏడు రోజులే. క్యోటోలో గుళ్లూ తోటలూ తీరిగ్గా చూస్తూ కూర్చున్న రోజులు కూడా అందులో ఖర్చయిపోతాయి. నాకు అన్నిటికన్నా నచ్చనిది ఇదే. పాస్ గిట్టించుకోవాలని అనుకోని ఊరొకటి జతచేసుకుని పరిగెత్తడం మొదలవుతుంది.

టోక్యో మెట్రోలో ఈ పాస్ చెల్లదు. ఎలాగూ సుయికా లాంటి, డబ్బు నింపుకుని వాడే కార్డు తీసుకోవాల్సిందే.

మరి పాస్ ఎవరికి? వారంలోనే దేశం ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగేవాళ్లకు. టోక్యో నుంచి ఫుకువోకాకి ఒకవైపే సుమారు 23,000. వెళ్లొస్తూ దారిలో రెండు మూడు చోట్ల దిగితే పాస్ గెలుస్తుంది. అదే వారంలో క్యోటోకీ, ఉత్తరాన హొక్కైదో దీవిలోని హకొదతెకీ వెళ్లేవాళ్లయితే ఇక ఆలోచించక్కర్లేదు.

చాలామంది పట్టించుకోని మూడో దారి ప్రాంతీయ పాసులు, అంటే ఏదో ఒక ప్రాంతంలోనే చెల్లేవి. ఒసాకాలో బస చేసి హిరోషిమా చూడాలనుకుంటే కన్సాయ్-హిరోషిమా పాస్ చూడండి. 2023 పెంపు తర్వాత ఐదు రోజులకు 17,000. షిన్-ఒసాకా (ఒసాకాలో షింకాన్‌సెన్ ఆగే స్టేషన్) నుంచి హిరోషిమా రానూపోనూ విడి టికెట్లకే 21,000 దాటుతుంది. ఆ రెండు స్టేషన్ల మధ్య నొజొమి కూడా అదనపు రుసుము లేకుండా ఎక్కొచ్చు. అయితే క్యోటో, షిన్-ఒసాకా మధ్య షింకాన్‌సెన్‌కి అది పనికిరాదు, అక్కడ మామూలు రైలే ఎక్కాలి.