ఏరియేటర్ మోటార్లు కాలితే నేను పోయే వైండింగ్ షాపు

రొయ్యల చెరువులో నీళ్లు చిలికి ఆక్సిజన్ కలిపే యంత్రం ఏరియేటర్. దాని మోటారు కాలితే లోపలి తీగ కొత్తగా చుట్టి ఇచ్చే ఈ షాపు ఆకివీడు నుంచి ఉండి ఊరికి వెళ్లే రోడ్డులో ఉందండి. బోర్డు చిన్నది, లోపల మోటార్ల గుట్ట పెద్దది. కూలి పక్కవాళ్ల కంటే ఎక్కువే తీసుకుంటారు. అయినా నేను ఇక్కడికే పోతాను.

వరి వేసినన్నాళ్లూ కాలువ నీళ్లొస్తే చాలు, కరెంటుతో పెద్దగా పనుండేది కాదు. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక, వరి పోయి చెరువులొచ్చి కథ మారింది. ఒక హెచ్‌పీ ఏరియేటర్ మీద 400, 500 కిలోల రొయ్య అని లెక్క. ఎకరానికి రెండు టన్నులు పట్టాలంటే నాలుగైదు హెచ్‌పీలు తిరగాల్సిందే. దిగుబడి ఎంత పెంచితే మీటరు అంత తిరుగుతుంది. ఆక్వా జోన్‌లో, అంటే చేపలు, రొయ్యల సాగుకని ప్రభుత్వం గుర్తించిన ప్రాంతంలో, పదెకరాల లోపు వాళ్లకి యూనిట్ రూ.1.50కే వస్తోంది కాబట్టి నిలబడ్డాం. అదే జెనరేటర్ మీద నడిపితే లాభమంతా డీజిల్‌కే పోతుంది.

ఇక పని సంగతి. ఇంతకుముందు వేరే చోట కట్టించిన రెండు హెచ్‌పీ మోటారు మీద చెయ్యి పెట్టలేకపోయేవాణ్ణి. ఈ మేస్త్రీ గారు విప్పి చూపించారు: పాత తీగ తీయడానికి మంటలో పెట్టి స్టాంపింగులు (తీగ చుట్టే పల్చటి ఇనుప రేకులు) మాడ్చేశారు, పైగా తీగ చుట్లు తగ్గించారు. నీళ్లలో నాలుగున్నర ఆంపియర్లు లాగింది మరి! ఈయన కట్టాక మూడున్నర లోపే. గట్టు మీదకొచ్చి, మూడు ఫేజులకీ కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తగిలించి, అంకె నాకు చూపించాకే డబ్బులు పుచ్చుకున్నారు.

రాత్రి ఊరంతా ఒకేసారి ఏరియేటర్లు వేస్తే 415 ఉండాల్సిన వోల్టేజీ 360కి జారుతుంది. వోల్టేజీ తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, మోటార్లు కాలేది అప్పుడే. కరెంటు ఎక్కువైతే మోటారు ఆపేసే ఓవర్‌లోడ్ రిలే మేస్త్రీ గారే సరిచేసి, ఒక ఫేజు పోతే మోటారు ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టించారు. తెల్లవారుజామున మోటారు ఆగి ఆక్సిజన్ పడిందంటే రొయ్య పైకి తేలిపోతుంది, ఆ పంట ఇక అంతే. అందుకే ఈ ఖర్చు దగ్గర బేరమాడను. సీజన్లో మనది కట్టేదాకా వాడుకోమని అద్దె మోటారు కూడా ఇస్తారు, కాకపోతే ముందు అడిగినవాళ్లకే దొరుకుతుంది.

గేరు బాక్సు ఆయిల్ సీళ్లు మాత్రం ఇక్కడ కొనకండి, తొందరగా కారుతున్నాయి. అవి బయట తెచ్చుకుని ఇస్తే ఏమీ అనుకోకుండా బిగించి పెడతారు. ఆదివారం మధ్యాహ్నం దాటితే ఫోన్ ఎత్తరు, మోటారు శనివారమే దింపెయ్యండి.