ఏడుగురు ఎక్కే బండికి ఏ ప్యాడ్లు, ఏ డిస్కులు మేలు?

బ్రేక్ ప్యాడ్లు అరిగాయని తెలియగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఒరిజినల్ వెయ్యమంటారా, బయటివి వెయ్యమంటారా?" అని. ఏడెనిమిది మంది ఎక్కే పెద్ద బండికి ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి ఊరుకుంటే చాలదు. ప్యాడ్‌లో ఏ మెటీరియల్ ఉంది, ఆ ప్యాడ్ పట్టుకునే డిస్క్ ఎలాంటిది, క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు అదిమే భాగం) పిన్నులు సాఫీగా కదులుతున్నాయా, బ్రేక్ ఆయిల్ ఎన్నేళ్ల నాటిది అన్నవి కూడా చూసుకోవాలి. వీటిలో డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టనక్కర్లేదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు బరువు సంగతి

బండి వేగాన్ని వేడిగా మార్చి వదిలేయడమే బ్రేకుల పని. మనుషులు, సామాన్లు కలిపి బండి 2,600 కిలోలు తూగుతుందనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న ఆ బండిని ఒక్కసారి ఆపితే పుట్టే వేడికి సుమారు మూడు లీటర్ల నీళ్లు మరుగుతాయి. 1,300 కిలోల చిన్న కారుకైతే అందులో సగమే. వేగం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇది ఇంకా పెరుగుతుంది. అదే బండి 500 మీటర్ల ఎత్తు నుంచి కిందికి వస్తే, 100 వేగం నుంచి పన్నెండు సార్లు పూర్తిగా ఆపినంత వేడి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. ఇంజిన్, గాలి కొంత మోస్తాయి. మిగిలినదంతా బ్రేకుల మీదే. తక్కువ గేర్‌లో దిగమని పెద్ద డ్రైవర్లు పోరు పెట్టేది ఇందుకే.

బ్రేక్ కొట్టినప్పుడు బరువు ముందుకు తూలుతుంది కాబట్టి పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే. బడ్జెట్ పరిమితంగా ఉంటే మంచి సరుకు ముందువైపు వెయ్యండి.

ప్యాడ్లు: ఆర్గానిక్, సెమీ మెటాలిక్, సిరామిక్

ఆర్గానిక్ ప్యాడ్లలో పీచు, రబ్బరు, రెసిన్ లాంటివి ఉంటాయి. చప్పుడు తక్కువ, మెత్తగా పట్టుకుంటాయి, డిస్క్‌ను పెద్దగా తినవు. అయితే బాగా వేడెక్కితే పట్టు తగ్గిపోతుంది, అరుగుదల కూడా ఎక్కువ. ఊళ్లో తిరిగే చిన్న కారుకు వీటితో ఇబ్బంది లేదు. నిండా జనంతో వెళ్లే బండికి ముందువైపు వీటిని నేను వద్దనే అంటాను.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే.

సెమీ మెటాలిక్ ప్యాడ్‌లో ఉక్కు పీచు, ఇనుప పొడి లాంటి లోహాలు బరువులో మూడో వంతు నుంచి సగం పైదాకా ఉంటాయి. వేడిని బాగా తట్టుకుంటుంది, వరసగా బ్రేక్ కొట్టినా పట్టు నిలబడుతుంది. బదులుగా నల్లటి పొడి రాల్చి చక్రాల్ని మురికి చేస్తుంది, డిస్క్‌ను కొంచెం ఎక్కువ అరగదీస్తుంది, పొద్దున్నే చలిలో ఒకటి రెండు సార్లు కీచుమంటుంది. మనవాళ్లు అంతగా పట్టించుకోని విషయం ఇంకొకటుంది. లోహం వేడిని త్వరగా మోస్తుంది కాబట్టి, డిస్క్ దగ్గర పుట్టిన వేడి ప్యాడ్ వెనక ఉండి దాన్ని నెట్టే పిస్టన్‌కి, అక్కణ్నుంచి బ్రేక్ ఆయిల్‌కి చేరుతుంది. సెమీ మెటాలిక్ వేసి పాత ఆయిల్ అలాగే ఉంచితే ఆ బలం సగం వృథా.

సిరామిక్ ప్యాడ్ రోజువారీ వాడకంలో హాయిగా ఉంటుంది. పొడి తక్కువ, రాలినా లేత రంగులో ఉంటుంది కాబట్టి చక్రాల మీద కనపడదు. చప్పుడు బాగా తక్కువ, డిస్క్ కూడా ఎక్కువ కాలం వస్తుంది. వేడిని వెనక్కి పెద్దగా పోనివ్వదు, కాబట్టి ఆ వేడంతా డిస్కే మోయాలి. నిండు బరువుతో పొడవాటి దిగుడు దిగేటప్పుడు ఆ భారం తెలుస్తుంది. సిరామిక్ అని పేరున్న ప్యాడ్లన్నీ ఒకే స్థాయివి కావు కూడా. మంచి కంపెనీ ప్యాడ్ బరువైన బండ్ల కోసమే తయారై ఉండొచ్చు, పక్క డబ్బాలోది పేరుకే సిరామిక్ కావొచ్చు.

నా లెక్క ఇది: పిల్లల్ని స్కూల్లో దింపడం, ఆఫీసు, మార్కెట్టు, ఎప్పుడో ఒకసారి హైవే ప్రయాణం అయితే మంచి కంపెనీ సిరామిక్ వేయించండి. తరచుగా నిండా జనంతో ఘాట్లు ఎక్కి దిగడం, పైన క్యారియర్ మీద సామాను, వెనక ట్రైలర్ లాంటివి ఉంటే సెమీ మెటాలిక్. ఎటూ తేల్చుకోలేకపోతే బండి ఫ్యాక్టరీ నుంచి ఏ రకంతో వచ్చిందో అదే రకం వేయించండి. ఆ బరువుకు, ఆ ఏబీఎస్‌కు (బ్రేక్ కొడితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లెక్క వేసి పెట్టిన రకం అది. ఒకే యాక్సిల్ మీద ఎడమకు ఒక రకం, కుడికి ఒక రకం మాత్రం ఎప్పుడూ వేయించొద్దు. బ్రేక్ కొట్టినప్పుడు బండి పక్కకు లాగుతుంది.

ఒరిజినలా, బయటిదా?

ఇక్కడ ఉన్నవి రెండు దారులు కాదు, మూడు. బండి కంపెనీ పేరుతో వచ్చే డబ్బా ఒకటి. బండి కంపెనీకి బ్రేకులు సప్లై చేసే తయారీదారు తన సొంత పేరుతో అమ్మేది రెండోది. పేరూ ఊరూ తెలియని డబ్బా మూడోది.

బండి కంపెనీలు సాధారణంగా ప్యాడ్లు సొంతంగా తయారుచేసుకోవు. బాష్, బ్రెంబో, అకెబోనో లాంటి విడిభాగాల కంపెనీల నుంచి తెప్పించుకుంటాయి. అందుకే రెండో దారే చాలాసార్లు లాభం. నాణ్యత అదే స్థాయిలో ఉంటుంది, ధర తక్కువ. అయితే ఒకే తయారీదారు వేర్వేరు ధరల్లో వేర్వేరు రకాలు అమ్ముతాడు. పేరు చూసి తృప్తి పడకుండా మీ బండి మోడల్, ఇంజిన్, తయారైన సంవత్సరం చెప్పి పార్ట్ నంబరు సరిచూసుకోండి. ఒకే మోడల్‌లో రెండు సైజుల డిస్కులు రావడం పెద్ద బండ్లలో మామూలే.

మూడో దారి గురించి ఒక్కటే చెప్తాను. ఇంట్లోవాళ్లందరూ కూర్చునే బండికి వద్దు. వెనక రేకు నుంచి ప్యాడ్ పదార్థం ఊడిపోతే పట్టుకోవడానికి ఇంకేమీ మిగలదు.

ప్యాడ్ చేతికిస్తే దాని అంచు మీద చూడండి. అక్షరాలు, అంకెలు కలిసిన ఒక వరస అచ్చు వేసి ఉంటుంది. అందులో పక్కపక్కన ఉండే రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఘర్షణ ఎంతో చెప్తాయి. మొదటిది మామూలు వేడిలో, రెండోది బాగా వేడెక్కాక. 'ఈ' (E) అంటే 0.25 నుంచి 0.35, 'ఎఫ్' (F) అంటే 0.35 నుంచి 0.45, 'జీ' (G) అంటే 0.45 నుంచి 0.55; అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. 'ఎఫ్ఎఫ్' అని ఉంటే వేడెక్కినా పట్టు అదే శ్రేణిలో ఉంటుందని అర్థం. 'ఎఫ్ఈ' అయితే వేడికి తగ్గుతుంది. బరువైన బండికి రెండో అక్షరం మొదటిదానికంటే తగ్గకూడదు. ఈ అక్షరాలు ప్యాడ్ పదార్థంలో చిన్న ముక్క మీద చేసే పరీక్షలో వచ్చేవి కాబట్టి ఒకే అక్షరాలున్న రెండు ప్యాడ్లు అచ్చంగా ఒకేలా పనిచేస్తాయని మాత్రం అనుకోవద్దు.

యూరప్ మార్కెట్ ప్యాడ్ల మీద సున్నాలో 'ఈ' అక్షరం, పక్కన అంకె ఉండే ముద్ర కనిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆర్90 (R90) నిబంధన కింద ఆమోదం పొందిందనే గుర్తు అది. అలాంటి ప్యాడ్ పనితీరు ఒరిజినల్‌తో పోలిస్తే 15 శాతం కంటే ఎక్కువ తేడా చూపకూడదు. బయటి ప్యాడ్ కొనేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే ముద్ర లేదు.

డిస్కులు: సాదావి, రంధ్రాలవి, గాడులవి

రంధ్రాలు వేసిన డిస్కులు చూడ్డానికి బాగుంటాయి. చక్రం సందులోంచి కనపడితే రేసు కారులా ఉంటుంది. కానీ బరువైన బండిలో వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే ఆ రంధ్రాల అంచుల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. పైగా రంధ్రాలు తీసినంత మేర ఇనుము తగ్గింది, అంటే వేడిని దాచుకునే బరువు తగ్గింది. మన అవసరానికి ఇది తలకిందుల బేరం.

గాడులు గీసిన డిస్కులు కొంత నయం. ప్యాడ్ మీద పేరుకునే పొడిని, గట్టిపడిన పొరను గీకుతూ ఉంటాయి. చప్పుడు కొంచెం పెరుగుతుంది, ప్యాడ్ త్వరగా అరుగుతుంది. ట్రైలర్ లాగేవాళ్లకు పనికొస్తాయి.

మిగతా అందరికీ మధ్యలో గాలి సందులున్న సాదా డిస్క్, ఫ్యాక్టరీ సైజులో, చాలు. హబ్‌కు (డిస్క్, చక్రం బిగించే మధ్య దిమ్మకు) ఆనే భాగానికి, అంచులకు తుప్పు పట్టకుండా కోటింగ్ ఉన్నది దొరికితే దానికి కొంచెం ఎక్కువ పెట్టినా తప్పులేదు.

పాత డిస్క్‌నే లేత్ పట్టించి (పైపొర చెక్కించి) వాడొచ్చా? డిస్క్ మీద కనీస మందం ఎంతో అచ్చు వేసి ఉంటుంది. ఉదాహరణకు కొత్తలో 28 మి.మీ. ఉన్నది 26కు రాగానే పనికిరానిది కావొచ్చు. లేత్ పట్టాక ఆ కనీస మందం దగ్గరికి వచ్చేట్టుంటే కొత్తవి తీసుకోవడమే మేలు. పల్చబడిన డిస్క్ త్వరగా వేడెక్కుతుంది, ఆ వేడి ప్యాడ్‌కూ ఆయిల్‌కూ పోతుంది.

బ్రేక్ కొడితే స్టీరింగ్ వణకడం గురించి కూడా చెప్పాలి. "డిస్క్ వంకర పోయింది" అనేస్తారు. చాలాసార్లు అసలు కారణం డిస్క్ చుట్టూ మందం సమానంగా లేకపోవడం. మి.మీ.లో వందో వంతుల తేడా చాలు, స్టీరింగ్‌లో తెలిసిపోతుంది. ఆ తేడా చాలాసార్లు హబ్ మీది తుప్పుతో మొదలవుతుంది. తుప్పు గీకకుండా కొత్త డిస్క్ బిగిస్తే అది కనపడనంత పక్కకు ఊగుతూ తిరుగుతుంది, కొన్ని వేల కిలోమీటర్లకు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అరుగుతుంది. ఎంత ఖరీదైన డిస్క్ కొన్నా, పది నిమిషాలు వైర్ బ్రష్‌తో హబ్ శుభ్రం చెయ్యకపోతే అంతే సంగతులు. దగ్గర నిలబడి చేయించుకోండి.

పాత ప్యాడ్లు తీసినప్పుడు చూడాల్సింది

తీసిన పాత ప్యాడ్లు రెండూ చేతిలోకి తీసుకుని పక్కపక్కన పెట్టండి. లోపలిది రేకు దాకా అరిగి, బయటిది ఇంకా ఐదారు మి.మీ. ఉంటే క్యాలిపర్ జరిగే పిన్నులు ఎండిపోయి బిగుసుకుని ఉండొచ్చు. ఒక ప్యాడ్ పైనుంచి కిందికి ఏటవాలుగా అరిగి ఉన్నా అనుమానం వాటి మీదికే పోవాలి. పిన్ను లాగితే తుప్పు రంగు జిగురు అంటుకుని వస్తుంది. దాన్ని తుడిచి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పెట్టి, పిన్నుల మీది రబ్బరు తొడుగులు (బూట్లు) చిరిగితే మార్చాలి. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. ఈ పని వదిలేస్తే కొత్త ప్యాడ్లకూ ఇదే గతి.

ప్యాడ్ పదార్థం 3 మి.మీ. దగ్గరికి వచ్చిందంటే మార్చే టైమ్ వచ్చినట్టే. చక్రం దగ్గర కూర్చున్న పొడిని గాలి కొట్టి ఊదనివ్వకండి, ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డో బ్రేక్ క్లీనరో వాడమనండి.

బ్రేక్ ఆయిల్: డాట్ 3, డాట్ 4, డాట్ 5.1

ఘాట్‌లో బ్రేకులు రెండు రకాలుగా మోసం చేస్తాయి. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్ వేడెక్కి పట్టు వదిలింది. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతే ఆయిల్ మరిగి బుడగలు కట్టింది. రెండోదానికి ఏ ప్యాడూ మందు కాదు.

ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాంతో మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డబ్బా మీద ఉండే డాట్ (DOT) అంకె ఆయిల్ రకాన్ని చెప్తుంది. డాట్ 3 కనీసం 205 డిగ్రీల దగ్గర మరగాలి, తేమ పట్టాక అది 140. డాట్ 4కు 230, 155. డాట్ 5.1కు 260, 180. బండి పుస్తకం డాట్ 3 అన్నా చాలా బండ్లలో డాట్ 4 పోయొచ్చు. నిండు బరువుతో తిరిగేవాళ్లకు నా ఓటు దానికే. రెండేళ్లకోసారి మార్పించండి. డాట్ 5 మాత్రం వేరే జాతి, సిలికాన్‌ది. అంకెల్లో దగ్గరగా ఉందని 5.1 బదులు అది పోయనివ్వకండి, మిగతావాటితో కలవదు.

వెనక చక్రాలు

వెనక డిస్కుల బదులు డ్రమ్ములుంటే వాటిని డిస్కులుగా మార్పించాలని కొందరు తాపత్రయపడతారు. అక్కర్లేదు. షూలు (డ్రమ్ములో ప్యాడ్ల పని చేసేవి) ఒరిజినల్ స్థాయివి వేసి, వాటి సందు సరిచేసే అడ్జస్టర్ తిరుగుతుందో లేదో, వాటిని నెట్టే వీల్ సిలిండర్ కారుతుందేమో చూసుకుంటే చాలు. వెనక డిస్కులుండి హ్యాండ్ బ్రేక్ బటన్‌తో పనిచేసే బండి అయితే, ముందు స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టాకే పిస్టన్ వెనక్కి నెట్టాలి. బలవంతంగా నెడితే హ్యాండ్ బ్రేక్ మోటార్ పాడవుతుంది. ఆ పరికరం ఉందా అని ముందే అడగండి.

బిగించాక

పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి కాబట్టి మొదటిసారి పెడల్ నేల దాకా పోతుంది. బండి కదలకముందే, నిలబడి ఉండగానే, పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 10కి మెత్తగా, మధ్యలో చల్లారనిస్తూ, ఓ పదిసార్లు తగ్గించండి. పూర్తిగా ఆపి వేడి డిస్క్ మీద ప్యాడ్ నొక్కి పెట్టకూడదు, అక్కడ మచ్చ పడుతుంది. ప్యాడ్‌తో ప్రత్యేకంగా పద్ధతి రాసి ఇస్తే అదే పాటించండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు పట్టు కొంచెం తక్కువగానే ఉంటుంది. కాబట్టి కుటుంబంతో ఘాట్ ప్రయాణం ఉంటే దానికి ముందురోజు కాకుండా, కనీసం రెండు వారాల ముందే ప్యాడ్లు మార్పించుకోండి.