వర్క్‌షాపా, స్వయం కోర్సా, వారం వారం కూర్చునే గ్రూపా: రీసెర్చ్ స్కాలర్‌కు ఏది మేలు?

పీహెచ్‌డీ మొదట్లో ఉండే కోర్స్ వర్క్ ముగిసే సమయానికి అనంతపురంలో నాకు తెలిసిన స్కాలర్లందరూ అడిగేది ఒకటే. "అక్కా, పేపర్ రాయడం, సెమినార్‌లో మాట్లాడటం బాగా నేర్చుకోవాలి. వర్క్‌షాప్‌కు పోయేదా, స్వయంలో కోర్సు చేసేదా, లేకపోతే మీరు చెప్పే గ్రూపు చాలా?" స్వయం అంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక. గ్రూపు అంటే ఒకరు రాసింది ఇంకొకరు చదివి చెప్పుకునే నాలుగైదుగురు స్కాలర్లు. ఒక్కొక్కరికి ఫోన్‌లో సగం సగం చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఎస్కే యూనివర్సిటీ, జేఎన్‌టీయూ, సెంట్రల్ యూనివర్సిటీ స్కాలర్లను దృష్టిలో పెట్టుకుని రాసినా, కడప, కర్నూలు వాళ్ళకు కూడా ఇది పనికొస్తుంది.

ముందుగా ఒక అపోహ సంగతి. థీసిస్ ఇచ్చే ముందు పేపర్ తప్పనిసరిగా అచ్చయి ఉండాలన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. దాంతో రాయడం నేర్చుకోవడానికి ఇంక తొందరేమీ లేదనుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. మీ యూనివర్సిటీ సొంత నియమం వేరుగా ఉండొచ్చు, అది చూసుకోండి. పైగా అవే నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టర్‌లో ఆర్ఏసీ, అంటే మీ పరిశోధనను చూసే సలహా కమిటీ, ముందు పని వివరించాలి. పీహెచ్‌డీకి కనీస గడువు మూడేళ్ళు, అంటే ఆరు సెమిస్టర్లు. ఆ తర్వాత తోటి స్కాలర్లు, అధ్యాపకులు వచ్చి కూర్చునే ప్రీ సబ్మిషన్ (థీసిస్ ఇచ్చే ముందు పని వివరించడం), ఓపెన్ వైవా (అందరి ముందూ జరిగే మౌఖిక పరీక్ష) ఉంటాయి. పేపర్ షరతు పోయినా, రాసి, నిలబడి చెప్పాల్సిన పని ఏమాత్రం తగ్గలేదు.

వర్క్‌షాపు, కోర్సు, గ్రూపు, ఈ మూడిట్లో ఏది ఎంచుకోవాలన్నది నా దృష్టిలో ఒకే విషయం మీద ఆధారపడి ఉంది. మీరు రాసిన పేజీని ఇంకొకరు చదివి, తమకు ఏం అర్థమైందో, ఎక్కడ ఆగిపోయారో మీకు చెప్తారా? మీరు మార్చి తెచ్చాక మళ్ళీ చదువుతారా? ఫీజు, సర్టిఫికెట్, వచ్చే వక్తల పేర్లు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఈ లెక్కన చూస్తే రెండు మూడు రోజుల వర్క్‌షాపులు చాలావరకు వెనకబడతాయి. ఉపన్యాసాలు బాగుంటాయి, కొత్తవాళ్ళు పరిచయమవుతారు, నాలుగైదు మంచి చిట్కాలు దొరుకుతాయి. కానీ నూరు మంది కూర్చున్న హాల్లో మీ డ్రాఫ్ట్ ఎవరూ తెరవరు. ఇంటికొచ్చాక ఫైలు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. అలాగని అన్నిటినీ కొట్టేయను. బ్రోచర్‌లో "మీ డ్రాఫ్ట్ వెంట తెచ్చుకోండి" అని ఉంటే, పాల్గొనేవాళ్ళ సంఖ్యకు పరిమితి పెడితే, అప్పు చేసైనా వెళ్ళండి అంటాను. ఆ రెండూ లేకపోతే ఆ బస్సు చార్జీలు దాచుకోండి.

స్వయం కోర్సులు, అందులోనే ఐఐటీల వాళ్ళు నడిపే ఎన్‌పీటెల్ కోర్సులు ఇంతకంటే నయం. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులు ఉంటాయి. వినడానికి డబ్బు కట్టక్కర్లేదు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు, ఎన్‌పీటెల్‌లో అది 1,000 రూపాయలు. పేపర్‌లో ఏ భాగం ఏం చేయాలి, ఫలితాలకూ చర్చకూ తేడా ఏమిటి, జర్నల్ తరఫున పేపర్ చదివి చూసే రివ్యూయర్‌కు జవాబు ఎలా రాయాలి అన్నవి ఇంత పద్ధతిగా చెప్పేవాళ్ళు మన డిపార్ట్‌మెంట్లలో తక్కువ. కోర్స్ వర్క్‌లో ఉండే 30 గంటల రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ నీతి నియమాలు నేర్పుతుంది గానీ, పేరా కట్టడం నేర్పదు. ఆ లోటును ఈ కోర్సులు చాలావరకు తీరుస్తాయి. అయితే అసైన్‌మెంట్లు ఎక్కువగా సరైన జవాబు గుర్తుపెట్టే ప్రశ్నలే. మంచి అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ మొదట్లో ఉండే సారాంశం) ఏదో గుర్తుపట్టడం వస్తుంది, కానీ మన అబ్‌స్ట్రాక్ట్‌లో లోపం మనకు కనపడదు.

ఇక గ్రూపు. నేను దీనివైపే మొగ్గుతానని ముందే చెప్తున్నాను. నాలుగైదుగురు వారానికొకసారి కూర్చుంటారు. ఒకరు రెండు పేజీలు ముందురోజే వాట్సాప్‌లో పంపిస్తారు, మిగతావాళ్ళు చదువుకుని వస్తారు. చెప్పడానికి ఇంతే, కానీ దీని బలం తెలియాలంటే ఒక్కసారైనా అందులో కూర్చోవాలి.

మా గ్రూపులో జియాలజీ స్కాలర్ ఒకాయన భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మీద పనిచేసేవాడు. మన జిల్లాలో అది కొత్త విషయం కాదు, గ్రానైట్ రాళ్ళ నుంచి కరిగి బోరు నీళ్ళలోకి వస్తుంది. ఆయన అబ్‌స్ట్రాక్ట్‌లో శాంపిళ్ళు ఎలా తీశాడు, ఏ పరికరం వాడాడు, ఏ సాఫ్ట్‌వేర్‌తో మ్యాప్ గీశాడు, అన్నీ ఉన్నాయి. హిస్టరీ అమ్మాయి ఒకటే అడిగింది: "ఇంతకీ అన్నా, ఆ నీళ్ళు తాగొచ్చా, తాగకూడదా?" ఆయన వెంటనే అందుకున్నాడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు గురించి, ఏ ఊళ్ళలో అది దాటిందో, ఏ కాలంలో దాటిందో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆ జవాబు అబ్‌స్ట్రాక్ట్‌లో ఎక్కడా లేదు. పేపర్‌లో అది ఐదో పేజీలో ఉంది. మరుసటి వారం తెచ్చిన డ్రాఫ్ట్‌లో దాన్ని రెండో వాక్యానికి తెచ్చాడు.

ఆ ప్రశ్న ఆయన గైడ్ అడగలేకపోయారంటే అది గైడ్ తప్పు కాదు. సబ్జెక్ట్ తెలిసినవాళ్ళు మీరు రాయనిదాన్ని కూడా తమ మనసులో పూరించుకుని చదువుతారు. ఖాళీ ఎక్కడుందో తెలియాలంటే ఆ సబ్జెక్ట్ తెలియని మనిషి చదవాలి. అందుకే గ్రూపులో ఒక్కరైనా వేరే డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఉండాలని పట్టుబడతాను. ఈ విషయంలో అనంతపురం వాళ్ళు అదృష్టవంతులు. ఒకే ఊరి చుట్టుపక్కల ఆర్ట్స్, సైన్స్, ఇంజనీరింగ్ స్కాలర్లు మూడు యూనివర్సిటీల్లో ఉన్నారు.

మాట్లాడటానికి కూడా ఇదే పద్ధతి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో 2008లో మొదలైన మూడు నిమిషాల థీసిస్ పోటీ గురించి వినే ఉంటారు. ఒకే స్లైడు, మూడే నిమిషాలు. మేము దాన్ని ముందు స్లైడు లేకుండా తెలుగులో చేయించేవాళ్ళం, తర్వాతే ఇంగ్లీషులో. శాసనాల మీద పనిచేసే స్కాలర్ కలమళ్ళ శాసనం గురించి ఇంగ్లీషులో మొదలుపెడితే, కంఠస్థం చేసిన వాక్యాలు వరసగా వచ్చేవి. తెలుగులో చెప్పమంటే, కెమిస్ట్రీ అబ్బాయి మొహం చూసి తనే ఆగేది. "రేనాడు అంటే మన కడప జిల్లా వైపే. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళ. సుమారు 575 నాటిది, మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా చెప్పేది అదే" అని మొదలుపెట్టి, తర్వాత దాన్ని వేయించిన రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడి దగ్గరికి వచ్చేది. ఆ వరసనే ఇంగ్లీషులోకి తెచ్చుకుంటే మాట తడబడటం చాలా తగ్గింది. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఇంగ్లీషు రాదని టెన్షన్ పడతారు. నేను చూసినంతవరకు, సగం ఇబ్బంది ఏది ముందు చెప్పాలో తేల్చుకోకపోవడం వల్లనే వస్తుంది.

గ్రూపుకు లోపాలు లేవని కాదు. మొదటి లోపం, తొందరగా చెదిరిపోతుంది. ఇన్విజిలేషన్ డ్యూటీలు, ఫెలోషిప్ కాగితాల కోసం తిరగడం, ఊర్లో పెళ్ళిళ్ళు. ఒకరు మానేస్తే మరుసటి వారం ఇద్దరు మానేస్తారు. రోజు, చోటు మార్చకుండా ఉంచుకోవడం ఒక్కటే దీనికి మందు. మధ్యాహ్నం లైబ్రరీలో పెట్టుకుంటే పక్క ఊళ్ళ నుంచి బస్సులో వచ్చే అమ్మాయిలకు కూడా కుదురుతుంది. రెండోది మొహమాటం. సీనియర్ రాసింది జూనియర్ చదివి "బాగుంది అన్నా" అనేసి ఊరుకుంటే ఎవరికీ లాభం లేదు. అందుకే జూనియర్లు ముందు మాట్లాడాలి, అదీ తప్పులు వెతుకుతూ కాదు, "నాకు అర్థమైంది ఇది" అని సొంత మాటల్లో. అంతసేపూ రాసినవాళ్ళు అడ్డు చెప్పకూడదు, ఇదే అన్నిటికంటే కష్టం. వ్యాకరణం చివర్లో చూసుకోవచ్చు. మూడోది, ఐదుగురికీ తెలియనిది గ్రూపులో పుట్టుకురాదు. మీ రంగంలో మంచి జర్నల్ ఏం కోరుతుందో గైడ్ చెప్పాలి, పేపర్ నిర్మాణం కోర్సులో నేర్చుకోవాలి. కాబట్టి మొదటి ఏడాది ఒక కోర్సు, దాంతోపాటే గ్రూపు అని సలహా ఇస్తాను. రెండిట్లో ఒకటే కుదురుతుందంటే గ్రూపు.

డేటా దొంగిలిస్తారేమో అని కొందరు భయపడతారు. అచ్చుకాని ఫలితాల పట్టికలు తేవద్దు. ఉపోద్ఘాతం, అబ్‌స్ట్రాక్ట్ తెస్తే చాలు. గైడ్‌కు ముందే ఒక మాట చెప్పి చేరండి.

మిగతావి క్లుప్తంగా. ఏఐ టూల్స్ వాక్యాలు సరిచేయడానికి పనికొస్తాయి, కానీ అవి లేని రెఫరెన్సులను కూడా ఉన్నట్టే ఇస్తాయి, ప్రతిదీ మీరే తెరిచి చూసుకోవాలి. ఓపెన్ వైవాలో జవాబు చెప్పాల్సింది మీరే. స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లు భయం పోగొట్టడానికి సరే, పరిశోధన చెప్పడానికి కాదు. డబ్బు తీసుకుని పేపర్ రాసిపెట్టేవాళ్ళ దగ్గరికి, మూడు రోజుల్లో అచ్చువేసే జర్నళ్ళ దగ్గరికి అసలు పోవద్దు. నమ్మదగిన జర్నళ్ళ పేర్లు ఇచ్చే యూజీసీ కేర్ జాబితా 2025లో ఆగిపోయాక జర్నల్ ఎంచుకునే బాధ్యత మన మీద, మన యూనివర్సిటీల మీద పడింది. నిజంగా చదివి, తిప్పి పంపే రివ్యూయర్ కూడా మీకు దొరికిన ఒక పాఠకుడే, ఆయన్ని పోగొట్టుకోకండి.

గుంతకల్లు, కదిరి, ధర్మవరం కాలేజీల్లో పాఠాలు చెబుతూ పార్ట్‌టైమ్‌గా చేసేవాళ్ళకు వారం వారం క్యాంపస్‌కు రావడం అయ్యే పని కాదు. ఆదివారం గూగుల్ మీట్‌లో ఇద్దరు కలిసినా సరిపోతుంది. మొదటిసారి ఏ పేజీ పంపాలా అని ఆలోచిస్తూ కూర్చోవద్దు. సినాప్సిస్‌లో, అంటే మీ పరిశోధన ప్రణాళికలో, పరిశోధన సమస్య వివరించిన పేజీ పంపండి. అది ఎలాగూ గైడ్ చూసిందే కాబట్టి దాపరికం అక్కర్లేదు, పైగా వచ్చే సెమిస్టర్ ఆర్ఏసీలో ముందు అడిగేది దాని గురించే.